మరక చూసి నేను చెప్పిన మాట

2022లో, దసరాకు ఇంకా మూడు వారాలున్నాయనగా, మిర్యాలగూడ నుంచి ఒక పాత వీడియో గేమ్ కన్సోల్ నా బల్ల మీదికి వచ్చింది. సూర్యాపేట బస్టాండు వెనక సందులో నాది ఎలక్ట్రానిక్స్ రిపేరు దుకాణం. టీవీలు, హోమ్ థియేటర్లు, ఇన్వర్టర్ బోర్డులు అన్నీ చేస్తాను గానీ, పాత గేమ్ మిషన్లు విప్పి చూసే ఓపిక ఉన్నవాడు ఈ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడల నుంచి కూడా సంచుల్లో పెట్టుకుని తెస్తారు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. నాకు తెలుసని నలుగురికీ తెలిసేలా మాట్లాడే జబ్బు కూడా నాకుండేది. ఇప్పుడు చెప్పబోయే కేసులో నేను గొప్పగా బాగుచేసిందేమీ లేదు. రాసుకోవడానికి సిగ్గుగానే ఉంది.

తెచ్చినవాళ్ళు ఇద్దరు. శ్రీనివాస్ సార్ మిర్యాలగూడలో జూనియర్ కాలేజీ లెక్చరర్. ఆయన వెంట వచ్చినామె పేరు కమిలి. సార్ కొడుకు వంశీని చూసుకోవడానికి నిడమనూరు దగ్గరి తండా నుంచి రోజూ ఆటోలో వచ్చి, పొద్దంతా ఉండి పోతుందట. కన్సోల్‌ను తువ్వాలలో చుట్టి, కుదుపు తగలకుండా దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.

"ఏం ప్రాబ్లం సార్?" అని నేను ఆయన్ని అడిగితే జవాబు ఆమె చెప్పింది.

"డిస్కు ఏసినంక కిర్రు కిర్రుమంటది అన్నా. జరసేపు తిరిగి ఆగిపోతది. మొన్నటిదాంక బోర్లేసి పెడితే నడిసేది. ఇప్పుడు గట్ల పెట్టినా నడుస్తలేదు."

నేను ఆమె వంక చూశాను. ఇలాంటి మిషన్లలో డిస్కును చదివేది లెన్స్ అనే చిన్న భాగం. అది అరిగిపోతే, మిషన్‌ను బోర్లా పెట్టినప్పుడు డిస్కుకు కాస్త దగ్గరగా జరిగి ఇంకొన్నాళ్ళు పనిచేస్తుంది. బాగా ఆడినవాళ్ళకు తప్ప తెలియని కిటుకు అది.

"నువ్వు గూడ ఆడుతవా ఏందమ్మా?" అన్నాను నవ్వుతూ.

"బాబుకు జోడి ఎవరున్నరు? కార్ల ఆట ఆడుతం. రోజు నేనే ఓడిపోత," అంది.

సార్ విషయం చెప్పారు. వంశీకి ఇరవై రెండేళ్ళు. ఏడాది కింద బైకు మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలింది. ప్రాణం దక్కింది గానీ కుడి చెయ్యి, మాట రెండూ సరిగా రావు. వేళ్ళు కదిలిస్తూ ఉండకపోతే గట్టిబడిపోతాయని దవాఖానలో చెప్పారు. రబ్బరు బంతి ఇస్తే విసిరికొట్టేవాడు. అటక మీద నుంచి ఈ పాత గేమ్ దించి రిమోట్ చేతిలో పెట్టాక పట్టుకోవడం మొదలుపెట్టాడు.

"కొత్తది కొనొచ్చు గద సార్?"

"తెచ్చినం సైదులూ. దాని బటన్లు వాని వేళ్ళకు వస్తలేవు. చిన్నప్పటి నుంచి ఆడిన రిమోట్ గద ఇది, చెయ్యి దీన్నే గుర్తు పడుతున్నది. నువ్వు ఎట్లన్న చెయ్యి."

నేనున్నాను గదా సార్ అన్నాను. ఆ మాట నేను రోజుకు పదిసార్లు అంటాను.

ఆ సాయంత్రమే విప్పాను. పైమూత తీసి, డిస్కు తిరిగే డ్రైవ్‌ను పైకెత్తి, కింద బోర్డు మీద రిబ్బన్ కేబుల్ ఎక్కడ గుచ్చి ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. రిబ్బన్ కేబుల్ అంటే కాగితంలా పల్చగా ఉండే వైరు, తిరగేసి గుచ్చితే పని ఖతం. అందుకే ఏ మిషన్ విప్పినా ముందు ఫొటో తీయడం నాకు అలవాటు. లోపం కమిలి చెప్పిందే, లెన్స్ పోయింది. హైదరాబాదుకు ఫోన్ చేసి లెన్స్ పంపమన్నాను. వారం పడుతుందన్నారు, తర్వాత ఇంకో వారం అన్నారు. ఎలాగూ మళ్ళీ విప్పేదే కదా అని డ్రైవ్‌ను ఊరికే పైన పెట్టి, మూత పెట్టకుండా, ఒక న్యూస్ పేపర్ కప్పి కింది అరలో పెట్టాను.

ఈలోపు దసరా వచ్చింది. ఆయుధ పూజ మా దుకాణంలో గట్టిగానే జరుగుతుంది. సోల్డరింగ్ ఐరన్‌కు, మల్టీమీటర్‌కు, స్క్రూడ్రైవర్లకు అన్నింటికీ బొట్లు పెడతాను. నాకు పని నేర్పిన ఉస్తాద్ ఒక పద్ధతి నేర్పాడు. గడప దగ్గర కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళలో చిటికెడు పసుపు కలిపి, మామిడాకుతో దుకాణం నాలుగు మూలలా చల్లాలి. మన సామాను మీదే కాదు, బాగుకు వచ్చిన ప్రతి మిషన్ మీదా పడాలి, అవీ మన చేతిలోవే కదా అనేవాడు. ఆయన రోజుల్లో రేడియోలకు చెక్క పెట్టెలుండేవి. నేను ఆ ఏడు కూడా తృప్తిగా చల్లాను. కాయలో నీళ్ళు ఎక్కువున్నాయి, మిగిలినవి కూడా పారబోయడం ఎందుకని అరల వైపే చిలకరించాను. షట్టర్ దించి పండక్కి అత్తగారి ఊరు ఆత్మకూరు పోయి, అయిదు రోజులకు వచ్చాను.

ఇంకో వారానికి లెన్స్ వచ్చింది. బిగించి స్విచ్ వేశాను. పచ్చ లైటు ఒక్కసారి మిణుకుమని ఆరిపోయింది. మళ్ళీ వేస్తే అదీ లేదు. డ్రైవ్ ఎత్తి చూస్తే బోర్డు మీద ఒక పక్కంతా జిగట, గోధుమరంగు మరకలు, కరెంటు లోపలికి వచ్చే చోట రాగి గీతల మీద పచ్చటి చిలుము. ఏదో తియ్యటి ద్రవం పడి ఎండిన మరక అని చూడగానే తెలిసింది. ఇలాంటివి ఎన్ని చూశానో. చాయ్ పోసుకున్నవాళ్ళు, కూల్ డ్రింక్ ఒలకబోసుకున్నవాళ్ళు, అందరూ మాకేం తెలియదనే అంటారు. నా లెన్స్ పెట్టగానే మిషన్ చచ్చిపోయిందన్న మాట నా మీదికి రాకూడదని వెంటనే సార్‌కు ఫోన్ కలిపాను.

"సార్, మీ మిషన్ల ఏదో పోసిండ్రు."

"ఏం పోసిండ్రు?"

"చాయో, కూల్ డ్రింకో. బోర్డంత జిగట. చుక్క రెండు చుక్కలు గాదు, బాగనే పోసిండ్రు."

"మా ఇంట్ల ఎవరు పోస్తరయ్యా?"

అక్కడ నేను ఆగి ఉండాల్సింది. నా పని బోర్డు మీద ఏముందో చెప్పడం వరకే. కానీ ఆ ప్రశ్న వినగానే నాకు హుషారొచ్చింది. నా తెలివి చూపించడానికి ఇంతకంటే మంచి సందు దొరుకుతుందా?

"వంశీ బాబు చెయ్యి గ్లాసు పట్టదంటిరి. మీరు, ఇంట్ల మేడం దాని జోలికే పోరాయె. ఇగ మిగిలిందెవరు సార్? మీరే ఆలోచించుండ్రి."

"సరే, బాగైతదా కాదా?" అన్నారు ఆయన. అయితది సార్ అని ఫోన్ పెట్టేశాను. సాయంత్రం చాయ్ హోటల్లో నలుగురికీ చెప్పి నవ్వించాను కూడా, పనిమనిషి కార్ల రేసు ఆడుతూ చాయ్ ఒలకబోసిందని. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను.

మర్నాడు శుభ్రం చేయడం మొదలుపెట్టాను. బోర్డుల్ని నీళ్ళతో కడగం, ఐపీఏ అనే స్పిరిట్‌తో తుడుస్తాం. తడి చెయ్యకుండా ఆరిపోతుంది. చెవుల్లో పెట్టుకునే దూది పుల్లను దాంట్లో ముంచి రుద్దితే పుల్ల పసుపుపచ్చగా వచ్చింది. రెండోదీ పచ్చగానే. పసుపు. అప్పుడైనా నా బుర్ర వెలగలేదు. అన్నం తింటూ పప్పు కూడా పోసినట్టుంది ఈ మహాతల్లి అనుకున్నాను. మనిషి ఒకసారి ఒక మాట అనేశాక, ఆ మాటకు సరిపోయేదే కళ్ళకు కనిపిస్తుందేమో, నాకు తెలియదు. నాకు మాత్రం అలాగే కనిపించింది.

కాలిపోయిన ఫ్యూజ్ మార్చాను. చిలుము తినేసిన గీత పక్కన సన్నటి వైరు వేసి అతికాను. తిరిగి బిగించేటప్పుడు రిబ్బన్ కేబుల్ ఏ వైపు ఉండాలో అనుమానం వచ్చి, ఫోన్‌లో మొదటిరోజు తీసిన ఫొటో తెరిచాను.

ఫొటోలో బోర్డు శుభ్రంగా ఉంది. మరక లేదు, చిలుము లేదు. వేలితో పెద్దది చేసి చూశాను. కరెంటు వచ్చే చోట రాగి గీతలు మెరుస్తున్నాయి. ఫొటో మీద తేదీ పండక్కి ముందుది.

కింది అర దగ్గరికి పోయి వంగి చూశాను. చెక్క మీద పసుపు చుక్కలు ఎండిపోయి వరసగా ఉన్నాయి. కప్పిన న్యూస్ పేపర్ అక్కడే ఉంది, మధ్యలో తడిసి ముడుచుకుపోయి. స్టూలు మీద కూర్చుండిపోయాను. పోసింది నేను. మూత పెట్టని మిషన్ మీద నా చేతులారా, దండం పెట్టుకుంటూ పోశాను.

అప్పుడే ఫోన్ చేసి చెప్పానని రాయాలని ఉంది. చెయ్యలేదు. ముందు మిషన్ నడవనీ, నడిచాక చెబుదాం అనుకున్నాను. నడిచింది. బస్సులో నేనే తీసుకుపోయి ఇచ్చి, అక్కడ ముఖాముఖి చెబుదాం అనుకున్నాను. బస్సు మిర్యాలగూడ చేరేదాకా ఏ మాట ముందు, ఏ మాట వెనక అని కూడబలుక్కుంటూనే ఉన్నాను.

ఇంట్లో సార్, మేడం, కుర్చీలో వంశీ ఉన్నారు. కమిలి కనబడలేదు.

"ఆమె రాలేదా మేడం?"

"మాన్పిచ్చినం," అన్నారు మేడం. "పోస్తే పోసింది, అంతమాత్రానికి మేమేమన్న అంటమా? నిజం చెప్పమంటే, పోయలేదని బిడ్డ మీద ఒట్టేసింది. ఆ పొద్దు బడి లేదని పిల్లను ఎంబడి తెచ్చుకున్నది. దాని నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. కన్నబిడ్డ మీద దొంగ ఒట్టు వేసేదాని చేతిలో నా కొడుకును ఎట్ల పెట్టను చెప్పు?"

వంశీ ఏదో అనబోయాడు. "క... కాదు," అన్నాడు కష్టపడి. "వీడు ఆమెనే వెనకేసుకొస్తడు," అని మేడం కొడుకు భుజం తట్టారు.

సార్ నా చేతికి చాయ్ కప్పు ఇచ్చి, "నువ్వు చెప్పబట్టి తెలిసింది సైదులూ, లేకుంటే మాకెట్ల తెలుస్తది," అన్నారు.

నేను ఆ చాయ్ తాగాను. చక్కెర సరిపోయిందా అని అడిగితే సరిపోయింది మేడం అన్నాను. మిషన్ పెట్టి చూపించాను, డిస్కు సాఫీగా తిరిగింది. దండం పెట్టి లేచి వచ్చేశాను. నలభై ఏడేళ్ళ నా బతుకులో ఆ అరగంటంత నీచంగా నేనెప్పుడూ ఉండలేదు. బోర్డు మీద పోసినప్పుడు నాకు తెలియదు. ఆ చాయ్ తాగినప్పుడు తెలుసు.

తొమ్మిది రోజులు నోరు మూసుకున్నాను. దుకాణం పేరు పోతుందని ఒకరోజు, ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదంటారని ఇంకోరోజు. పదో రోజు సారే ఫోన్ చేశారు.

"సైదులూ, వంశీ రిమోట్ ముడ్తలేడు. చేతిల పెడితే పక్కకు పెడుతున్నడు. వేళ్ళు మల్ల బిగుస్తున్నయి. మిషన్ల ఇంకేమన్న తేడా ఉన్నదేమో జర చెప్పు."

"మిషన్ మంచిగనే ఉన్నది సార్," అన్నాను. ఇక ఆపుకోలేకపోయాను. "పోసింది కమిలి కాదు. నేను."

ఫొటో సంగతి, కొబ్బరినీళ్ళ సంగతి, వాళ్ళింట్లో చాయ్ తాగి వచ్చిన సంగతి అన్నీ చెప్పాను. ఆయన తిడతారని కాచుకున్నాను. తిట్టలేదు.

"ఆమెను బిడ్డ మీద ఒట్టేసుకోనిచ్చిన గదయ్యా నేను. ఎదురుంగ నిలబడి చూసిన," అన్నారు. "రేపు రా. ఆమెకు నువ్వే చెప్పాలె," అన్నారు.

మర్నాడు ఇద్దరం తండాకు పోయాం. రోడ్డు వారన వడ్లు ఎండబోసి ఉన్నాయి. కమిలి కాళ్ళతో వాటిని తిరగేస్తోంది. మమ్మల్ని చూసి ఆగింది. "బాబు ఎట్లున్నడు సార్?" అంది ముందు.

చెప్పాను. మొదటి నుంచి చివరిదాకా, తల ఎత్తకుండా. ఆమె వింటూ మళ్ళీ వడ్లు తిరగేయడం మొదలుపెట్టింది.

"నాకెందుకు చెప్తున్నవన్నా? నేను పోయలేదని నాకు తెల్వదా?" అంది. నాలుగడుగులు వేసి ఆగింది. "మల్ల నాకే తెల్వకుంట అయింది. ఒట్టేసిన నాలుగోనాడు పిల్లకు జరమొచ్చింది. రెండు దినాలు దవాఖానల ఉన్నం. మా అత్త దొంగ ఒట్టేసినవ్, అందుకే గిట్లయింది అన్నది. గప్పుడు నాకే అనుమానమొచ్చింది, నేనే పోసి మర్సిపోయిన్నేమో అని. నేనే పోసిన, తప్పయింది, పిల్లను ఇడిసిపెట్టమని దేవునికి మొక్కిన."

సార్ ముఖం అటు తిప్పుకున్నారు.

కమిలి గుడిసె వైపు చూసి "అంజలీ" అని పిలిచింది. ఎనిమిదేళ్ళ పిల్ల వచ్చింది, జ్వరంతో ముఖం ఇంకా పీక్కుపోయి ఉంది. "గీ పిల్లకు చెప్పు," అంది కమిలి. "దీని ముంగటనే గద మా అత్త నన్ను అట్లన్నది."

నేను ఆ పిల్ల ముందు కూర్చున్నాను. "బిడ్డా, మీ అమ్మ దొంగ ఒట్టు వెయ్యలే. మీ అమ్మ చెప్పిందే నిజం," అన్నాను.

"మరి ఎవరు పోసిండ్రు?"

"నేనే పోసిన."

ఆ పిల్ల నన్ను పైకీ కిందికీ చూసింది. "మరి నీతోని ఎవ్వరు ఒట్టేపియ్యలేదా?" అని అడిగింది.

"లేదు బిడ్డా. నన్నెవరూ అడగలేదు," అన్నాను.

మేడం స్వయంగా తండాకు వెళ్ళి అడిగాక, పది రోజులకు కమిలి తిరిగి పనికి వచ్చింది. వంశీ వేళ్ళు మెల్లగా సాగాయి. మిషన్ నడుస్తోందని సార్ చెబుతుంటారు. ఆ చాయ్ హోటల్లో ఆ నలుగురికీ కూడా అసలు సంగతి చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు, ఎందుకు చెబుతున్నాడన్నట్టు చూశారు. పూజ ఇప్పటికీ చేస్తాను. నీళ్ళు గడప దాటి లోపలికి రానివ్వను.

మొన్న కోదాడ నుంచి ఒకాయన ఇలాంటి పాత గేమే తెచ్చాడు. విప్పితే లోపల జ్యూస్ మరక. అదే చెప్పాను.

"మా పిల్లోడు పోశాడా, మా తమ్ముడి కొడుకు పోశాడా అండీ? పొద్దున్నుంచీ ఇంట్లో ఒకటే గొడవ. చూస్తే మీకు తెలిసిపోతుందంట కదా," అన్నాడు.

"జ్యూస్ పడిందని తెలుస్తదండీ. ఎవరు పోసిండ్రో నేను చెప్పను."

"ఒక్క మాట చెప్పండి సార్, చాలు. మీరు చెబితే మావాళ్ళు నమ్ముతారు."

"అందుకేనండీ చెప్పనిది," అన్నాను.